ఆగలేని పనికి ముందు చోటు: ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్క్ ప్రయారిటీలు పెట్టే పద్ధతి

బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో పెట్టే కంట్రోలర్ బోర్డు ఒకటి చేస్తున్నారనుకోండి. మూడు ఫేజుల కరెంటు కొలవాలి. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అడుగంటినా మోటారు ఆపాలి. రైతు ఇంటి దగ్గర నుంచి మెసేజ్ పెడితే ఆన్, ఆఫ్ చేయాలి. చిన్న ఎల్‌సీడీ మీద రీడింగులు చూపించాలి. జరిగినవన్నీ రాసిపెట్టుకోవాలి. చిప్పు మాత్రం ఒక్కటే.

వీటిలో దేనికి అన్నిటికంటే పెద్ద ప్రయారిటీ ఇస్తారని అడిగితే దాదాపు అందరూ మోటారు రక్షణకే అంటారు. మా మొదటి బోర్డులో నేనూ అలాగే ఇచ్చాను. ఆ టాస్కే (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక్కో పనిని టాస్క్ అంటారు) కరెంటు లెక్కలు చేసి, మోటారు ఆపాలో వద్దో తేల్చి, ఎల్‌సీడీని కూడా తనే నింపేది. బల్ల మీద బాగా నడిచింది. పొలంలో పెట్టాక, సిమ్‌లో మెసేజ్‌లు పేరుకుపోయిన ఒక రోజు, రైతు పంపిన ‘ఆఫ్’ బోర్డుకు చేరలేదు. మోడెమ్ ఆ అక్షరాలు ఇచ్చింది, మా కోడే వాటిని పట్టుకోలేకపోయింది. రాత్రంతా నీళ్లు పారి మడి నిండి గట్టు తెగింది.

అప్పటి నుంచి నేను కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట ఇది: ప్రయారిటీ పెట్టేటప్పుడు ఈ పని ఎంత ముఖ్యం అని అడగకండి, ఎంతసేపు ఆగగలదు అని అడగండి. కింద చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టి, దాన్ని బోర్డు మీద పెట్టి, సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి. ఉదాహరణకు ఫ్రీఆర్‌టీఓఎస్ తీసుకుంటున్నాను. రిచర్డ్ బ్యారీ మొదలుపెట్టిన ఈ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2017 నుంచి అమెజాన్ చూసుకుంటోంది. ఉచితం, సోర్స్ అంతా చదువుకోవచ్చు. చిప్పు ఎస్‌టీఎం32ఎఫ్103, కార్టెక్స్-ఎం3 కోర్, 72 మెగాహెర్ట్జ్.

మొదలుపెట్టే ముందు, ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ మామూలు ప్రోగ్రాములన్నిటికీ ప్రాసెసర్‌ను కొంచెం కొంచెం పంచిపెడుతుంది. ఇక్కడ పంపకాలు లేవు. నడవడానికి రెడీగా ఉన్న టాస్కుల్లో పెద్ద ప్రయారిటీ దేనిదో అదే నడుస్తుంది. అది తనంతట తాను ఆగేదాకా, లేదా దానికంటే పెద్దది రెడీ అయ్యేదాకా, కిందివాళ్లకు ఒక్క మైక్రోసెకను కూడా దక్కదు. సమాన ప్రయారిటీ ఉన్నవి మాత్రం టిక్ టిక్‌కీ (టిక్ అంటే సిస్టమ్ గడియారం కొట్టే ఒక్కో దెబ్బ) వంతులు వేసుకుంటాయి.

మొదటి అడుగు: ప్రతి పనికీ గడువు రాయండి

కోడ్ తెరవకండి. కాగితం తీసుకోండి. ఒక్కో పని పక్కన మూడు సంగతులు రాయాలి: ఎంతకొకసారి వస్తుంది, వచ్చాక ఎంతలోపు పూర్తవ్వాలి, ఆ గడువు ఎక్కడి నుంచి వచ్చింది. మూడోది చాలామంది వదిలేస్తారు. అది రాయకపోతే మొదటి రెండూ ఊహలే.

మన బోర్డునే చూద్దాం. కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక అలకు 20 మిల్లీసెకన్లు. కొలతను అంకెలుగా మార్చే ఏడీసీ నుంచి శాంపిళ్లను, ప్రాసెసర్‌తో పని లేకుండా డేటా మోసే డీఎంఏ తెచ్చి బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులో, వేస్తుంది. బఫర్‌ను రెండు సగాలు చేసుకున్నాం, ఒక్కో సగం 10 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఒక సగం నిండుతుండగా రెండో సగాన్ని మనం లెక్కపెట్టేయాలి, లేకపోతే దాని మీద కొత్త శాంపిళ్లు వచ్చి పడతాయి. కాబట్టి గడువు 10 మిల్లీసెకన్లు, కారణం బఫర్.

ఇప్పుడు మోడెమ్. సీరియల్ లైను వేగం 115200 బాడ్. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి ఒక బైట్‌కు 10 బిట్లు, అంటే దాదాపు 87 మైక్రోసెకన్లకు ఒక బైట్. బైట్ రాగానే, నడుస్తున్న పనిని ఆపి నడిచే చిన్న కోడ్, అంటే ఇంటరప్ట్, ఒక్కో బైట్‌ను 128 బైట్ల బఫర్‌లో వేస్తుంది. సగం నిండగానే, అంటే 64 బైట్లకు, మోడెమ్ టాస్క్‌ను లేపుతాం. మిగిలిన 64 నిండటానికి ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. సిమ్‌లో ఉన్న మెసేజ్‌ల జాబితా అడిగితే మోడెమ్ వందల బైట్లు గుక్క తిప్పుకోకుండా పంపుతుంది, కాబట్టి ఈ ఐదున్నరే అసలు గడువు. మా మొదటి బోర్డులో పై టాస్క్ ఎల్‌సీడీ నింపడానికే 18 మిల్లీసెకన్లు తీసుకునేది. అక్షరాలు ఎక్కడ పోయాయో మీకే అర్థమై ఉంటుంది.

ఇక అందరూ ముఖ్యమనే మోటారు రక్షణ. ఒక ఫేజు పోయిందని తెలిశాక కొన్ని సెకన్లలోపు ఆపితే వైండింగ్ బతుకుతుంది. పైగా మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, అది చూసి వెంటనే ఆపేయకూడదు కూడా. బోరు అడుగంటిందని తేల్చుకోవడానికైతే ఇంకా కాస్త టైమ్ తీసుకోవచ్చు. కాబట్టి ఈ టాస్క్ 100 మిల్లీసెకన్లకు ఒకసారి నడిస్తే చాలు, 100 మిల్లీసెకన్లలోపు పూర్తయితే చాలు. మోటారు ప్రాణం దీని చేతిలోనే ఉంది, కానీ ఇది ఆగగలదు. మోడెమ్ అక్షరం ఆగలేదు.

ఎల్‌సీడీకి 250 మిల్లీసెకన్లు, ఎందుకంటే అంతకంటే వేగంగా మారితే మనిషి కన్ను చదవలేదు. వచ్చిన మెసేజ్‌ను చదివి అర్థం చేసుకునే టాస్క్‌కు 500. లాగ్ రాసేదానికి ఒక సెకను. ఇవి పెద్దగా ఆలోచించాల్సినవి కావు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మోడెమ్ పనిని రెండు ముక్కలు చేశాను. అక్షరాలు తీసుకోవడం ఒక టాస్క్, వాటి అర్థం చూడటం ఇంకో టాస్క్. ఒకే పనిలో ఆగలేని భాగం, ఆగగలిగే భాగం కలిసి ఉంటే విడదీయండి. విడదీయకపోతే తీరిగ్గా చేయాల్సిన పని కూడా పై ప్రయారిటీలో కూర్చుని మిగతావాళ్లందరి దారికి అడ్డం పడుతుంది.

రెండో అడుగు: ఎంతసేపు పడుతుందో కొలవండి

గడువు రాశాక, ఒక్కో టాస్క్ ఒకసారి నడవడానికి ఎంత టైమ్ తీసుకుంటుందో కావాలి. ఊహించకండి, కొలవండి. సులువైన దారి ఒక ఖాళీ పిన్ను. పని మొదలయ్యేటప్పుడు పైకి, అయిపోగానే కిందికి, పిన్నుల మార్పులను టైమ్‌తో చూపే లాజిక్ అనలైజర్‌లో చూడండి. చవకైన ఎనిమిది చానళ్ల అనలైజర్ దీనికి చాలు. పిన్నులు ఖాళీ లేకపోతే కార్టెక్స్-ఎం3లో డీడబ్ల్యూటీ అనే యూనిట్‌లో సైకిల్ కౌంటర్ ఉంటుంది. 72 మెగాహెర్ట్జ్ దగ్గర 72 లెక్కలు ఒక మైక్రోసెకను. 32 బిట్ల కౌంటర్ కాబట్టి నిమిషానికి కాస్త ముందే తిరిగి సున్నాకు వస్తుంది.

రెండు జాగ్రత్తలు. మీరు కొలిచే టాస్క్‌ను మధ్యలో ఇంకోటి ఆపితే ఆ టైమ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, కాబట్టి ఒక్కోదాన్ని ఒంటరిగా నడిపి కొలవండి. రెండోది, సగటు కాదు, అన్నిటికంటే ఎక్కువ పట్టినది తీసుకోండి. మామూలుగా 3 మిల్లీసెకన్లు పట్టే మెసేజ్ పార్సింగ్, నిండు పొడవు మెసేజ్ వచ్చి, అందులో తప్పుడు కమాండ్ ఉన్నప్పుడు 20 పట్టొచ్చు. గంటలో ఒక్కసారి అయినా అదే మన లెక్కకు పనికొచ్చే సంఖ్య. డీబగ్ బిల్డ్‌లో కొలిచి రిలీజ్ బిల్డ్‌కు లెక్క వేయడం కూడా తప్పే.

కొలిచే పనిలోనే మీకు ఒక దొంగ దొరుకుతాడు: డీబగ్ మాటలను సీరియల్ లైనులోకి పంపే ప్రింట్ఎఫ్ ఫంక్షన్. 115200 బాడ్ దగ్గర 60 అక్షరాల లైను ఒకటి బయటికి వెళ్లాలంటే 5 మిల్లీసెకన్ల పైనే. కరెంటు లెక్కపెట్టే టాస్క్‌లో అది పెట్టి, పంపడం పూర్తయ్యేదాకా కూర్చుంటే, 10 మిల్లీసెకన్ల గడువులో సగం అక్కడే పోయింది. డీబగ్ మాటలన్నీ ఒక క్యూలో వేసి, కింది ప్రయారిటీ టాస్క్ ఒకటి వాటిని తీరిగ్గా పంపేలా చేయండి.

మన బోర్డు కొలతలు ఇలా వచ్చాయనుకుందాం. మోడెమ్ అక్షరాలు తీసుకోవడానికి 0.3 మిల్లీసెకను, కరెంటు లెక్కకు 1.2, రక్షణకు 2, ఐ2సీ అనే రెండు తీగల లైను మీద ఎల్‌సీడీకి 18, మెసేజ్ అర్థం చూడటానికి 20, లాగ్‌కు 5.

మూడో అడుగు: వరుస పెట్టి నంబర్లు ఇవ్వండి

ఇది సులువు. గడువు చిన్నదైతే ప్రయారిటీ పెద్దది. సొంత అభిప్రాయాలకు ఇక్కడ చోటు లేదు. ఒకే ప్రాసెసర్ మీద, మారని ప్రయారిటీలతో, నిర్ణీత వ్యవధిలో వచ్చే పనులకు చిన్న వ్యవధికి పెద్ద ప్రయారిటీ ఇవ్వడమే మేలైన పద్ధతి అని సి.ఎల్. లియూ, జేమ్స్ లేలాండ్ 1973లో నిరూపించారు. దాన్ని రేట్ మోనోటోనిక్ అంటారు. గడువు వ్యవధి కంటే చిన్నదైతే, వ్యవధి బదులు గడువును చూడాలి.

మన వరుస: మోడెమ్ అక్షరాలు 6, కరెంటు లెక్క 5, రక్షణ 4, ఎల్‌సీడీ 3, మెసేజ్ అర్థం 2, లాగ్ 1. సున్నా, ఏ పనీ లేనప్పుడు నడిచే ఐడిల్ టాస్క్‌ది, దాన్ని వదిలేయండి. కాన్ఫిగ్ ఫైల్‌లో గరిష్ఠ ప్రయారిటీల సంఖ్యను 8 పెడితే 0 నుంచి 7 దాకా వస్తాయి. 7ను ఖాళీగా ఉంచండి, రేపు ఏదైనా కొత్త అవసరం వస్తే పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ టైమర్లు వాడితే వాటికీ ఒక సర్వీస్ టాస్క్ ఉంటుంది, దాని ప్రయారిటీ కూడా మీరే ఇవ్వాలి. చాలామంది అది ఉందనే మర్చిపోతారు.

నంబర్ల విషయంలో మోసపోకండి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో పెద్ద నంబరు అంటే పెద్ద ప్రయారిటీ. ఇలాంటిదే ఇంకో సిస్టమ్ థ్రెడ్ఎక్స్‌లో సున్నా అన్నిటికంటే పైది. వీఎక్స్‌వర్క్స్‌లోనూ సున్నాయే పైది, 255 అడుగున ఉంటుంది. జెఫిర్‌లో కూడా చిన్న నంబరే పైది, పైగా మైనస్ నంబర్లు ఇచ్చిన థ్రెడ్‌ను (అక్కడ టాస్క్‌కు ఆ పేరు) వేరే థ్రెడ్ మధ్యలో ఆపలేదు, అది తానుగా వదలాలి. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి కోడ్ మార్చేటప్పుడు నంబర్లు అలాగే కాపీ చేస్తే మొత్తం తలకిందులవుతుంది, అయినా తక్కువ లోడు ఉన్నంతసేపు బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

నాలుగో అడుగు: కాగితం మీదే సరిచూడండి

ఒక్కో టాస్క్ పట్టే టైమ్‌ను దాని వ్యవధితో భాగించి అన్నీ కూడండి. మనకు వచ్చేది సుమారు 0.31. అంటే ప్రాసెసర్‌లో 31 శాతం పని ఉంది. లియూ, లేలాండ్ ఇచ్చిన హద్దు టాస్కుల సంఖ్యను బట్టి మారుతుంది. రెండు టాస్కులకు 82.8 శాతం, మూడింటికి 78, ఆరింటికి 73.5, ఎన్ని పెరిగినా 69.3 కంటే కిందికి పోదు. ఈ హద్దు లోపల ఉంటే గడువులు తప్పవు. హద్దు దాటితే తప్పుతాయని కాదు, ఇంకో లెక్క వేసి చూడాలని అర్థం.

ఆ ఇంకో లెక్క నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది శాతం కాకుండా మిల్లీసెకన్లు చెబుతుంది. ఎల్‌సీడీ టాస్క్ తీసుకోండి. దాని సొంత పని 18 మిల్లీసెకన్లు. అది నడుస్తుండగా పైనున్న మూడూ ఎన్నిసార్లు అడ్డొస్తాయి? మూడూ ఒక్కోసారి వస్తాయనుకుంటే 18, 0.3, 1.2, 2 కలిపి 21.5. కానీ 21.5 మిల్లీసెకన్లలో మోడెమ్ నాలుగు సార్లు, కరెంటు లెక్క మూడు సార్లు వస్తాయి. మళ్లీ కూడితే 24.8. ఆ 24.8లో మోడెమ్ ఐదోసారి కూడా వస్తుంది, 25.1. మళ్లీ కూడినా 25.1 దగ్గరే ఆగింది. అంటే ఎంత ఒత్తిడి ఉన్నా ఎల్‌సీడీ 25.1 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది, గడువు 250. ఇలా కిందనున్న ప్రతి టాస్క్‌కూ వేయండి. ఎక్సెల్ షీట్‌లో పది నిమిషాల పని, దీనివల్ల తప్పే రాత్రి డ్యూటీలు ఎన్నో.

ఈ లెక్కలన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: కిందివాడు పైవాడిని ఎప్పుడూ ఆపడు అని. అది నిజం కావాలంటే తర్వాతి అడుగులు తప్పకుండా పాటించాలి. 31 శాతం పనితో గడువులు తప్పే బోర్డులు నేను చూశాను, ప్రతిసారీ కారణం ఈ నమ్మకం చెడటమే.

ఐదో అడుగు: ప్రతి టాస్క్ ఎక్కడో ఒకచోట ఆగాలి

టాస్క్ అంటే ఒక లూప్. ఆ లూప్‌లో తప్పకుండా ఒక చోట టాస్క్ నిద్రపోవాలి: ఒక క్యూ కోసమో, నోటిఫికేషన్ కోసమో, టైమ్ కోసమో. ఏదో ఒక జెండా మారిందా మారిందా అని లూప్‌లో చూస్తూ కూర్చునే టాస్క్, కిందనున్న అందరినీ ఆకలితో చంపుతుంది. ఐడిల్ టాస్క్‌తో సహా. తీసేసిన టాస్కుల మెమరీని తిరిగి ఇచ్చేది ఐడిలే, దానికి వంతు రాకపోతే ఆ మెమరీ తిరిగి రాదు.

నిర్ణీత వ్యవధిలో నడవాల్సిన టాస్క్‌కు వీటాస్క్‌డిలే వాడకండి. అది ఇప్పటి నుంచి ఇంతసేపు అని లెక్క పెడుతుంది. పనికి 2 మిల్లీసెకన్లు పట్టి, తర్వాత 100 నిద్రపోతే వ్యవధి 102 అవుతుంది, పైవాళ్లు అడ్డొస్తే 105 కూడా అవుతుంది. వీటాస్క్‌డిలేఅంటిల్ అయితే కిందటిసారి లేచిన క్షణం నుంచి లెక్క పెడుతుంది, జారిపోదు.

టిక్ రేటు కూడా చూసుకోండి. 1000 హెర్ట్జ్ పెడితే టిక్ ఒక మిల్లీసెకను. ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్పు మీద దాని తయారీదారు ఇచ్చే ఈఎస్‌పీ-ఐడీఎఫ్ వాడేవాళ్లకు మామూలుగా వచ్చేది 100 హెర్ట్జ్, టిక్ 10 మిల్లీసెకన్లు. అక్కడ 5 మిల్లీసెకన్లను టిక్కులుగా మార్చమంటే సున్నా వస్తుంది, సున్నా టిక్కుల డిలే అంటే నిద్ర లేనట్టే. టాస్క్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఐదు సెకన్లకు ఐడిల్‌కు వంతు రాలేదని, ప్రోగ్రాము ఇరుక్కుపోకుండా కాపలా కాసే వాచ్‌డాగ్ హెచ్చరిక కనిపిస్తుంది. హెచ్చరిక చూసి చాలామంది వాచ్‌డాగ్‌ను ఆపేస్తారు. దయచేసి అలా చేయకండి, అది నిజమే చెబుతోంది.

ఈఎస్‌పీ32 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో మాట. దాంట్లో 25 ప్రయారిటీలు ఉంటాయి, వైఫై టాస్క్ 23లో కూర్చుని ఉంటుంది. మీ టాస్క్‌ను దానిపైకి ఎక్కించి ఎక్కువసేపు నడిపితే కనెక్షన్ తెగుతుంది. రెండు కోర్లు ఉన్న మోడల్‌లో పెద్ద టాస్క్, చిన్న టాస్క్ ఒకే క్షణంలో నడవగలవు, కాబట్టి నాది పెద్ద ప్రయారిటీ, చిన్నది మధ్యలో దూరదు అని లాక్ (డేటాను ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా చేసే తాళం) లేకుండా రాసిన కోడ్ అక్కడ చెడిపోతుంది.

ఆరో అడుగు: ఇంటరప్ట్‌లో తక్కువ చేయండి, నంబరు సరిగ్గా ఇవ్వండి

ఇంటరప్ట్ ఏ టాస్క్ కంటే అయినా పైనే. 1 ప్రయారిటీ టాస్క్‌కు సంబంధించిన ఇంటరప్ట్ కూడా 6 ప్రయారిటీ టాస్క్‌ను ఆపుతుంది. అందుకే అందులో బైట్ తీసి బఫర్‌లో వేయడం, టాస్క్‌ను లేపడం మాత్రమే ఉండాలి. లేపడానికి ఫ్రమ్‌ఐఎస్ఆర్ అని చివర ఉండే ఫంక్షన్లే వాడాలి. చివర్లో యీల్డ్ (ఎవరి వంతో మళ్లీ చూడమని షెడ్యూలర్‌కు చెప్పేది) పిలవడం మర్చిపోతే, లేచిన టాస్క్ వెంటనే నడవదు, తర్వాతి టిక్ దాకా ఆగాల్సి రావచ్చు. ఒక మిల్లీసెకను ఊరికే పోతుంది.

కార్టెక్స్-ఎంలో ఇంటరప్ట్ నంబర్లు టాస్క్ నంబర్లకు ఎదురు: చిన్న నంబరు పైది. ఎస్‌టీఎం32లో దీనికి నాలుగు బిట్లు, 0 నుంచి 15 దాకా 16 మెట్లు. ఫ్రీఆర్‌టీఓఎస్ కాన్ఫిగ్‌లో ఒక హద్దు ఉంటుంది, చాలా ప్రాజెక్టుల్లో అది 5. అప్పుడు 0 నుంచి 4 దాకా ఉన్న ఇంటరప్ట్‌లు ఆపరేటింగ్ సిస్టమ్ ఫంక్షన్లను అస్సలు పిలవకూడదు. రీసెట్ తర్వాత ఏ ఇంటరప్ట్‌కైనా నంబరు సున్నాయే, అంటే మీరు ఇవ్వడం మర్చిపోతే అది సరిగ్గా పిలవకూడని చోటే ఉంటుంది. బోర్డు రెండు రోజులు నడిచి ఎందుకో తెలియకుండా హ్యాంగ్ అయితే ముందు ఇక్కడ చూడండి. తప్పు కనబడగానే ప్రోగ్రామును ఆపే కాన్ఫిగ్‌అసర్ట్‌ను ఆన్‌లో ఉంచితే ఈ తప్పును మొదటి నిమిషంలోనే పట్టిస్తుంది.

ఏడో అడుగు: లాక్‌ల దగ్గర ప్రయారిటీ తిరగబడకుండా చూడండి

మన బోర్డులో రీడింగులన్నీ ఒక స్ట్రక్చర్‌లో ఉన్నాయి. రక్షణ టాస్క్ దాన్ని రాస్తుంది, లాగ్ టాస్క్ చదువుతుంది, మధ్యలో చెడిపోకుండా ఒక లాక్. ఇప్పుడు ఇలా జరుగుతుంది: అడుగున ఉన్న లాగ్ లాక్ తీసుకుంది. వెంటనే ఎల్‌సీడీ లేచి లాగ్‌ను ఆపింది. 18 మిల్లీసెకన్లు. దాని తర్వాత మెసేజ్ టాస్క్ రెడీగా ఉంది, ఇంకో 20. ఈలోపు రక్షణ లేచి లాక్ అడిగింది. లాక్ లాగ్ దగ్గర ఉంది, లాగ్‌కు వంతు రావట్లేదు. 4 ప్రయారిటీ ఉన్న రక్షణ, తనకంటే చిన్నవైన 3, 2 పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. వాటికి ఈ లాక్‌తో సంబంధమే లేదు. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

దీనికి పేరు తెచ్చిపెట్టిన సంఘటన 1997లో అంగారకుడి మీద జరిగింది. నాసా పాత్‌ఫైండర్ జులై 4న అక్కడ దిగింది. కొన్ని రోజులకు దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలైంది. వీఎక్స్‌వర్క్స్ మీద నడిచే ఆ సాఫ్ట్‌వేర్‌లో వాతావరణ కొలతలు తీసే చిన్న ప్రయారిటీ టాస్క్ ఒక మ్యూటెక్స్ (ఒక రకం లాక్) పట్టుకుని ఉండగా, మధ్య ప్రయారిటీ పనులు దాన్ని ఆపేవి. డేటా బస్సును (భాగాల మధ్య డేటా మోసే లైనును) నడిపే పెద్ద ప్రయారిటీ టాస్క్ ఆ మ్యూటెక్స్ కోసం ఆగిపోయేది. బస్సు పని పూర్తవలేదని గమనించిన ఇంకో టాస్క్ మొత్తాన్ని రీసెట్ చేసేది. భూమ్మీద అలాంటి సిస్టమ్ మీదే ఇంజినీర్లు ఆ తప్పును మళ్లీ రప్పించి, ట్రేస్ చూసి పట్టుకున్నారు. ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తూ మార్పు పంపారు, రీసెట్లు ఆగాయి. ఇన్‌హెరిటెన్స్ పద్ధతిని లూయి షా, రాజ్‌కుమార్, లెహోక్జీ 1990లో వివరంగా రాసే ఉన్నారు. మందు ఉంది, వాడలేదు అంతే.

ఇన్‌హెరిటెన్స్ అంటే, లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కు దానికోసం ఆగిన పెద్ద టాస్క్ ప్రయారిటీని కాసేపు అప్పు ఇవ్వడం. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మ్యూటెక్స్‌కు ఇది ఉంటుంది, కబురు అందించడానికి వాడే బైనరీ సెమాఫోర్‌కు ఉండదు. రెండూ చూడటానికి ఒకేలా ఉండి, తీసుకునే ఫంక్షన్ కూడా ఒకటే కావడంతో కలగాపులగం చేస్తారు. డేటాను కాపాడాలంటే మ్యూటెక్స్. ఇంటరప్ట్ నుంచి టాస్క్‌ను లేపాలంటే సెమాఫోర్ లేదా నోటిఫికేషన్. ఇంటరప్ట్‌లో మ్యూటెక్స్ వాడకూడదు.

ఇన్‌హెరిటెన్స్ ఉంది కదా అని లాక్‌ను ఎక్కువసేపు పట్టుకోకండి. లాగ్ టాస్క్ లాక్ తీసుకుని, స్ట్రక్చర్‌ను తన దగ్గరికి కాపీ చేసుకుని, లాక్ వదిలి, ఆ తర్వాతే ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా నిలిచే మెమరీలో, రాయాలి. కాపీకి కొన్ని మైక్రోసెకన్లే. ఇంకా మంచిది లాక్ లేకపోవడం: రక్షణ టాస్క్ కొత్త రీడింగులను క్యూలో వేస్తే, కావలసినవాళ్లు తీసుకుంటారు. నేను ఇప్పుడు కొత్త బోర్డు మొదలుపెడితే ముందు క్యూలతోనే ఆలోచిస్తాను, తప్పనిసరైతేనే మ్యూటెక్స్.

ఎనిమిదో అడుగు: ప్రయారిటీకి లొంగని వాటిని వెతకండి

ఎస్‌టీఎం32ఎఫ్103లో లోపలి ఫ్లాష్ పేజీ ఒకటి చెరపడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ టైమ్‌లో అదే ఫ్లాష్ నుంచి కోడ్ చదవడం కుదరదు, ప్రాసెసర్ ఆగిపోతుంది. అంటే అడుగున 1 ప్రయారిటీలో ఉన్న లాగ్ టాస్క్ ఒక్క పేజీ చెరిపితే, 6 ప్రయారిటీ మోడెమ్ టాస్క్, దాని ఇంటరప్ట్‌తో సహా, అందరూ 40 మిల్లీసెకన్లు గడ్డకట్టినట్టు ఉండిపోతారు. ఒక్కో బైట్ 87 మైక్రోసెకన్లకు వస్తుంటే ఎన్ని పోతాయో లెక్కేసుకోండి. మన ప్రయారిటీ పట్టికలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

దీనికి ప్రయారిటీ మార్చి లాభం లేదు. లాగ్‌ను, ఎస్‌పీఐ అనే సీరియల్ లైను మీద తగిలించే బయటి ఫ్లాష్ చిప్పులోకి మార్చండి. అక్కడా చెరపడానికి టైమ్ పడుతుంది, కానీ ఆ పని ఆ చిప్పు చేసుకుంటుంది. మన టాస్క్ అప్పుడప్పుడు లేచి అయిందా అని అడిగి మళ్లీ పడుకుంటే చాలు. ఇలాంటివే ఇంకొన్ని: ఇంటరప్ట్‌లు ఆపేసి పెద్ద లూప్ నడిపే లైబ్రరీ కోడ్, ఐ2సీ లైను ఇరుక్కుపోతే టైమ్‌అవుట్ లేకుండా ఎదురుచూసే డ్రైవర్. మీరు రాయని కోడ్‌ను కూడా ఒకసారి ఈ కంటితో చదవండి.

తొమ్మిదో అడుగు: బోర్డును కావాలని ఇబ్బంది పెట్టండి

రన్‌టైమ్ స్టాట్స్ ఆన్ చేసి ఒక్కో టాస్క్ ఎంత శాతం తీసుకుంటోందో చూడండి, మీ 31కి దగ్గరగా రావాలి. స్టాక్, అంటే ఒక్కో టాస్క్‌కు కేటాయించిన పని మెమరీ, ఎంత మిగిలిందో హైవాటర్‌మార్క్ ఫంక్షన్‌తో చూడండి. స్టాక్ పొంగిపోయిన బోర్డు కూడా ప్రయారిటీ తప్పినట్టే పిచ్చిగా ప్రవర్తిస్తుంది, మనం తప్పు చోట వెతుకుతాం. మామూలు ఫ్రీఆర్‌టీఓఎస్‌లో స్టాక్ సైజు వర్డ్‌లలో, ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో బైట్లలో. వీలైతే సెగ్గర్ సిస్టమ్‌వ్యూ లాంటి ట్రేస్ టూల్ పెట్టుకోండి. ఏ టాస్క్ ఎప్పుడు ఎవరిని ఆపిందో బొమ్మలా కనిపిస్తుంది.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను (నిర్ణీత సమయంలో ఎవరూ తట్టకపోతే బోర్డును రీసెట్ చేసేదాన్ని) పై ప్రయారిటీ టాస్క్ నుంచో టైమర్ ఇంటరప్ట్ నుంచో తట్టకండి. కిందివాళ్లంతా చచ్చిపోయినా అవి బతికే ఉంటాయి, వాచ్‌డాగ్ అంతా బాగుందనుకుంటుంది. ప్రతి టాస్క్ తన లూప్‌లో ఒక కౌంటర్ పెంచాలి. అడుగున ఉన్న టాస్క్ అన్ని కౌంటర్లూ కదిలాయో లేదో చూసి, కదిలితేనే తట్టాలి. ఏదో కోసం ఎదురుచూసే మోడెమ్ లాంటి టాస్క్‌కు కూడా ఒక టైమ్‌అవుట్ పెట్టండి, పని లేకపోయినా లేచి కౌంటర్ పెంచి పడుకుంటుంది.

ఆఖరి పరీక్ష ఇలా చేయండి. మోటారు నడుస్తుండగా సిమ్ నిండా మెసేజ్‌లు పెట్టి జాబితా అడగండి. అదే సమయంలో లాగ్ ఒక సెక్టార్ చెరిపేలా చేయండి, ఎల్‌సీడీని మాటిమాటికీ మార్చండి. టెస్ట్ ప్యానెల్‌లో ఒక ఫేజును స్విచ్‌తో తీసేయండి. లాజిక్ అనలైజర్‌లో రెండు పిన్నులు చూడండి: కరెంటు లెక్క పూర్తయ్యే పిన్ను, రిలే పిన్ను. మొదటిది ప్రతి 10 మిల్లీసెకన్ల గడిలో ఒకసారి తప్పకుండా కనిపించాలి, రెండోది మీరు రాసుకున్న సెకన్లలోపు పడాలి. మోడెమ్ నుంచి వచ్చిన బైట్ల లెక్క, మీ టాస్క్ తీసుకున్న బైట్ల లెక్క ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోవాలి. ఇదంతా ఒక రాత్రంతా నడిపి, తెల్లారి చూసి, అప్పుడు డబ్బా మూత బిగించండి.